సముద్రుడి వడ్డీ: ఒకటికి నలభై

అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని నీళ్లు చూసే ఆయన ఇసుకలో నడుస్తున్నాడు. వెనకాల రిసార్టు ఓనరు, ఓనరు బావమరిది, మేస్త్రీ, వాచ్‌మన్, ఆ వెనక ఊరికే చూద్దామని వెళ్లిన నేను. కూతవేటు దూరంలో బంగాళాఖాతం ఎగిరెగిరి పడుతోంది. చీరాల పక్క తీరం. ఊరి పేరు చెప్పను. ఏ ఊరైనా ఇదే కొబ్బరికాయ.

పది అడుగులు వేశాడో లేదో, కాయ నిటారుగా లేచి నిలబడింది.

"పడ్డాయి సార్! నాలుగించుల ధార!"

ఓనరు చెప్పులు విడిచి దణ్ణం పెట్టాడు. బావమరిది వీడియో తీశాడు. నాకూ దణ్ణం పెట్టాలనే అనిపించింది గానీ కాయకు కాదు, ఆయన తెగువకు. పక్కనే వాచ్‌మన్ కూతురు పిచ్చుక గూళ్లు కట్టుకుంటూ ఇసుక గీకుతోంది. రెండు జానలు గీకేసరికి ఆ పిల్లకూ నీళ్లు పడ్డాయి. పాపం, ఆ పిల్లకు ఎవరూ పంచెల చాపు పెట్టలేదు.

ఈ విద్య రాయలసీమలో జూదం. కాయ లేచినా బోరు లేవదు, రైతు అప్పు లేస్తుంది. అదే విద్య సముద్రపు ఒడ్డుకు వస్తే పర్మనెంటు ఉద్యోగం. ఇసుక మెట్టలో ఎక్కడ గుచ్చినా తడి తగులుతుంది. గురి తప్పడానికి వీల్లేని చోట బాణం వేసి అర్జునుడనిపించుకోవచ్చు. అసలు అక్కడ అడగాల్సింది నీళ్లున్నాయా అని కాదు. ఏ నీళ్లు? ఎంత మందాన ఉన్నాయి? ఎంత తోడితే ఎన్నాళ్లుంటాయి? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు కావాలి. కొబ్బరికాయకు మూడు కళ్లున్నాయి గానీ మూడూ మూసుకునే ఉంటాయి.

"ఇదంతా వరాహమిహిరుడు చెప్పిందే" అన్నాడాయన, దక్షిణ జేబులో పెట్టుకుంటూ. పాపం వరాహమిహిరుడు. ఆరో శతాబ్దం నాటి ఆ మహానుభావుడు బృహత్సంహితలో దకార్గళం అని ఒక అధ్యాయమే రాశాడు, నిజమే. ఏ చెట్టు పక్కన పుట్ట ఉంటే ఏ దిక్కున ఎన్ని నిలువుల లోతున నీరుంటుందో వరస పెట్టి చెప్పాడు. ఒప్పయినా తప్పయినా ఆయన చూసింది చెట్టును, పుట్టను, మట్టి రంగును. మన రిసార్టు సైటులో ముందు సరుగుడు తోట కొట్టేశారు. తర్వాత జీడిమామిడి పీకేశారు. ఆపైన పొక్లెయిను పెట్టి ఇసుక దిబ్బను బల్లపరుపుగా చేశారు, గదిలో మంచం మీంచే సముద్రం కనపడాలి కాబట్టి. చెట్టూ పుట్టా దిబ్బా మూడూ పోయాక వరాహమిహిరుణ్ని పిలిస్తే ఆయన మాత్రం ఎక్కడ చూసి చెబుతాడు?

ఆ దిబ్బ సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికే రావాలి.

బావమరిది చదువుకున్నవాడు. కాయ మీద నమ్మకం చాలక మిషను పిలిపించాడు. నాలుగు ఇనప కడ్డీలు నేలలో పాతి, రెంటి గుండా కరెంటు పంపి, మిగతా రెంటి దగ్గర వోల్టేజి చూసి, నేల ఆ కరెంటును ఎంత అడ్డుకుంటోందో లెక్కగట్టే పద్ధతి అది. మంచి శాస్త్రమే. భూగర్భజల శాఖ వాళ్లు వాడేదీ అదే. కాకపోతే సముద్రపు ఒడ్డున దానికొక తంటా ఉంది. ఉప్పునీళ్లకు కరెంటంటే మహా ఇష్టం, జారిపోనిస్తాయి. బంకమట్టీ ఇంచుమించు అంతే. అందుకని అడుగున ఉన్నది ఉప్పా, బంకా అన్నది మిషను ఒక్కటే తేల్చలేదు. పక్క బావుల్లో నీళ్లు రుచి చూసి, క్లోరైడు పరీక్ష చేయించి, రెండూ కలిపి చదివే మనిషి ఉండాలి. వచ్చిన నిపుణుడు ఆ మాటే రాశాడు: 'పైపొరలో పల్చగా మంచినీరు ఉండవచ్చు. లోతుకు పోవద్దు. తక్కువగా తోడవలెను.'

కాగితంలో మూడు వాక్యాలున్నాయి. ఓనరు మొదటి వాక్యంలో 'మంచినీరు' దాకా చదివి, బోరు బండికి ఫోను కొట్టాడు.

బోరు బండి వాడి దగ్గర వేదాంతం సూటిగా ఉంటుంది. అడుగుకింత. లోతుకు వెళ్లేకొద్దీ నీళ్లు తియ్యనవుతాయో లేదో గానీ బిల్లు మాత్రం తియ్యనవుతుంది. పాతిక అడుగుల లోపే నీళ్లు పడ్డాయి. "ఇవి పైనీళ్లు సార్, నమ్మకం లేదు, దింపుదాం" అన్నాడు. అరవై దగ్గర బంక తగిలింది. "బంక కిందే ఉంటాయి సార్ అసలు సరుకు." రెండొందల దగ్గర ధార ఎగజిమ్మింది. అందరూ దోసిళ్లు పట్టారు. అందరి ముఖాలూ ఒక్కసారే ముడుచుకున్నాయి. అంత కష్టపడి, అంత ఖర్చు పెట్టి, అంత లోతుకు వెళ్లి మనవాళ్లు కనిపెట్టింది దేన్నయ్యా అంటే, సముద్రాన్ని.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాణ్ని చూసి నవ్వుతాం. వాడికి కనీసం ఎలుక దొరికింది.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఓనరుగారి ఖర్మంతా ఈ పాఠం వినకపోవడంలోనే ఉంది. ఇసుక దిబ్బ మీద వాన పడుతుంది. ఇసుక కాబట్టి చుక్క బయటికి పోనివ్వకుండా తాగేస్తుంది. అడుగున అప్పటికే సముద్రం నుంచి ఊరిన ఉప్పునీళ్లున్నాయి. ఉప్పునీళ్లు బరువు, వాననీళ్లు తేలిక. అందుకని వాననీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ నిలబడతాయి, పాల మీద మీగడలాగా. మీగడ కావాలంటే గిన్నె అంచున చెంచా పెట్టి మెల్లగా తీసుకుంటాం. గరిట అడుగుదాకా ముంచి కలియబెట్టేవాణ్ని ఇంట్లో ఆడవాళ్లు వంటింట్లోంచి తరిమేస్తారు. సముద్రం ఒడ్డున మాత్రం ఆ పనికి సబ్సిడీ, బ్యాంకు లోను, భూమిపూజ, శిలాఫలకం.

ఈ మీగడ లెక్క కొత్తదేం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బాడన్ గైబెన్ అనే డచ్చి సైనిక ఇంజినీరు ఆమ్‌స్టర్‌డామ్ దగ్గర బావి తవ్వే విషయంలో దీన్ని లెక్కగట్టాడు. 1901లో హెర్జ్‌బర్గ్ అనే జర్మను ఇంజినీరు విడిగా ఇదే లెక్క తేల్చాడు. ఆయన రాసిన వ్యాసం దేని గురించో తెలుసా? ఉత్తర సముద్రపు ఒడ్డున జనం సరదాగా స్నానాలకు వెళ్లే విహార స్థలాలకు మంచినీళ్లు ఎలా అందించాలన్న దాని గురించి. అంటే ఈ శాస్త్రం రెండో పుట్టుక బీచ్ రిసార్టు గడప మీదే! దగ్గర దగ్గర నూటపాతికేళ్ల క్రితం రిసార్టుల కోసమే తేల్చిపెట్టిన లెక్కను ఇవాళ్టి రిసార్టు ఓనరు పక్కన పడేసి కొబ్బరికాయ కొన్నాడు.

లెక్క చాలా తేలిక. మంచినీటి బరువు వెయ్యి అనుకుంటే సముద్రపు నీటి బరువు 1,025. తేడా 25. వెయ్యిని పాతికతో భాగిస్తే 40. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్లు నిలబడితే, కింద నలభై అడుగుల మంచినీళ్లు ఉప్పును అదిమిపెట్టి ఉంచుతాయి. ఎంత ఉదారం! ఒకటి చూపించి నలభై దాచుకోనిచ్చే బ్యాంకు ఇంకెక్కడుంది?

కానీ బ్యాంకన్నాక రెండో పేజీ ఉంటుంది. మోటారు పెట్టి ఆ పైమట్టాన్ని ఒక అడుగు కిందికి లాగారనుకోండి. కింది నుంచి ఉప్పు నలభై అడుగులు పైకి లేవడానికి బయల్దేరుతుంది. మీరు ఒకటి తీసుకుంటే సముద్రుడు నలభై వసూలు చేస్తాడు. మా జిల్లాలో నూటికి పది రూపాయల వడ్డీ పుచ్చుకునేవాణ్ని చూసి నెత్తీనోరూ కొట్టుకుంటాం. వాడు ఈ సముద్రుడి ముందు ధర్మదాత.

పైగా వడ్డీ వ్యాపారికి ఉండే ఓపికంతా ఈయనకుంది. ఉప్పు ఆ రోజుకారోజు లేవదు. నెమ్మదిగా, నెలల మీద, ఒక్కోసారి ఏళ్ల మీద లేస్తుంది. అందుకే పైనీళ్ల బోరు వేసిన రిసార్టు ప్రారంభోత్సవం నాడు నీళ్లు పంచదార పాకం. మంత్రిగారు గ్లాసెత్తి తాగుతారు, ఫోటో పడుతుంది. 'సముద్ర తీరాన తియ్యటి గంగ' అని పేపర్లో వస్తుంది. రెండో వేసవికి షవరు చిల్లులు తెల్లగా పూడుకుపోతాయి. మూడో వేసవికి పంపుల ఇత్తడి పచ్చబారుతుంది. అప్పుడు ఓనరు నేలను తిడతాడు. "ఈ భూమిలో రాశి లేదయ్యా!"

ఎంత ఉప్పు చేరితే నీళ్లు చెడినట్టని అడగొచ్చు. తాగేనీటికి మన దేశపు ప్రమాణం లీటరుకు 250 మిల్లీగ్రాముల క్లోరైడు. వేరే దిక్కు లేకపోతే వెయ్యి దాకా సరిపెట్టుకోమంది. సముద్రపు నీటిలో అది పందొమ్మిది వేల చిల్లర. నూరు బిందెల్లో రెండు బిందెలు సముద్రం కలిస్తే చాలు, మొదటి గీత దాటినట్టే. ఐదు కలిస్తే రెండో గీత అంచు మీద ఉన్నట్టు. నూటికి రెండు! ఇంత తక్కువ కల్తీతో ఇంత సరుకు పాడుచేయడం మన పాలవాళ్లకు కూడా చేతకాలేదు.

ఇదంతా డచ్చి వాళ్లూ జర్మన్లూ చెబితేనే తెలియాలా అంటే అదీ కాదు. బాపట్ల, చీరాల, వేటపాలెం ఇసుక మెట్టల్లో దొరువు అనే మాట ఎప్పటి నుంచో ఉంది. ఇసుకలో వాలుగా తవ్విన గుంట. మెట్లు దిగినట్టు నడుచుకుంటూ దిగి, అడుగున ఊరిన నీళ్లలో కుండలు ముంచుకుని, పైకొచ్చి నారుమళ్లకూ కూరపాదులకూ పోసుకునేవాళ్లు. నిలువు లోతు లేదు, మోటారు లేదు. పొద్దున ముంచుకుంటే సాయంత్రానికి మళ్లీ ఊరేది. ఊరేదాకా ఆగాలి. ఆగడమే ఆ విద్యలో ముఖ్యమైన భాగం. దొరువు తవ్విన తాతకు 'ఒకటికి నలభై' తెలియకపోవచ్చు గానీ, అత్యాశకు పోతే ఉప్పు తగులుతుందని బాగా తెలుసు.

బాపట్లలో ఉప్పునీటి మీద పనిచేసే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఒకటుంది. అక్కడి శాస్త్రవేత్తలు ఈ దొరువునే కాస్త మెరుగుపెట్టారు. లోతుకు పోకుండా, ఇసుకలో పైపైనే చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, వాటిలో ఊరిన నీళ్లన్నీ మధ్యలో ఒక చిన్న బావిలోకి చేరేలా చేసి, అక్కణ్నుంచి మెల్లగా తోడుకోమన్నారు. చెంచాతో మీగడ తీయడమే, కాకపోతే చెంచా పొడుగైంది. అడ్డంగా పరిచిన గొట్టం ఒక్కచోట నీటిమట్టాన్ని గొయ్యిలా లాగదు. కాబట్టి ఉప్పుకు కోపం రాదు. సూర్యలంక బీచికి వెళ్లే ప్రతి కారూ బాపట్ల పట్టణం దాటే వెళుతుంది. బీచి అక్కణ్నుంచి తొమ్మిది కిలోమీటర్లు. ఆ కార్లలో రిసార్టు కట్టబోయే మారాజులూ ఉంటారు. టీ కోసం బండి ఆపుతారు, బజ్జీల కోసం ఆపుతారు. నీళ్ల సంగతి అడగడానికి ఆపినవాడు నాకింకా తగల్లేదు.

ఎందుకు ఆపుతారు? దొరువులో శిలాఫలకం వేసే చోటెక్కడుంది? అడ్డంగా పడుకున్న గొట్టానికి అడుగుకింత బిల్లెవడిస్తాడు? నిదానంగా ఊరే నీళ్లతో ఈతకొలను నింపేదెట్లా?

ఆ, ఈతకొలను. ఆ మాట దగ్గర ఆగుదాం.

హైదరాబాదు నుంచి ఆరేడు గంటలు కారులో కూర్చుని జనం సముద్రంలో మునగడానికి వస్తారు. మునుగుతారు. ఒళ్లంతా ఉప్పు, ఇసుక. వెంటనే షవరు కింద నిలబడి ఆ ఉప్పు కడుక్కుంటారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న సామెతకు ఇంత భారీ నిర్మాణ వ్యయంతో బొమ్మ గీసిన జాతి మనదే. కడుక్కున్నాక ఏం చేస్తారు? సముద్రానికి ఎదురుగా, సముద్రం కనిపించేలా కట్టిన మంచినీళ్ల కొలనులో దిగుతారు. పది మీటర్ల పొడవు, ఐదు వెడల్పు, నాలుగడుగుల లోతు ఉన్న చిన్న కొలనైనా అరవై వేల లీటర్లు పడుతుంది. జలజీవన్ మిషన్ పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇస్తామంది. ఆ లెక్కన ఒక్క కొలను నీళ్లు వెయ్యిమందికి పైగా ఒకరోజు ఇంటి వాడకం. కొలను అవతల బంగాళాఖాతం నిండుగానే ఉంది.

పడకల లెక్కా చూడండి. భవన నిర్మాణాల జాతీయ నియమావళి మూడు నక్షత్రాల దాకా హోటలు పడక ఒక్కింటికి రోజుకు 180 లీటర్లు కావాలంటుంది. నాలుగు నక్షత్రాలు, ఆపైన అయితే 320. ఊళ్లో మనిషికి 55, ఊరి చివర మంచానికి 320! ఒక్కో నక్షత్రానికీ దాహం పెరుగుతుందన్నమాట. నక్షత్రాలు పైన ఉంటాయని విన్నాం గానీ ఇలా కింద నుంచి నీళ్లు లాగుతాయని తెలియలేదు.

ఇదంతా అడిగేవాడు లేక జరుగుతోందా అంటే, అబ్బే, చట్టాలు బోలెడున్నాయి. తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషను 1991లో వచ్చింది. తర్వాత 2011లో ఒకటి, 2019లో మరొకటి వచ్చాయి. మొదటి దానిలోనే బీచ్ రిసార్టులకు స్పష్టంగా చెప్పారు: పెద్దపోటు గీత నుంచి రెండొందల మీటర్ల లోపు భూగర్భజలం ముట్టకూడదు, రెండొందల నుంచి ఐదొందల మీటర్ల మధ్య అయితే భూగర్భజల బోర్డు ఒప్పుకుంటేనే తోడాలి. మన రాష్ట్రానికి 2002 నాటి వాల్టా చట్టం విడిగా ఉంది. బోరు వేయాలంటే అనుమతి కావాలి. ఊరి మంచినీటి బావికి 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బావి దించకూడదు. కాగితం మీద సముద్రం కూడా దాటలేనంత కట్టుదిట్టం.

అమలు వేరే సంగతి. పెద్దపోటు గీతను కొలవడానికి టేపు పట్టుకుని వెళ్లేది ఆటు వేళ. సముద్రం వెనక్కి తగ్గి మర్యాదగా నిలబడుతుంది. రెండొందల మీటర్లు అనాయాసంగా వచ్చేస్తాయి. అప్పటికీ బోరు లోపలే పడితే దాని మీద తులసికోట కడతారు. తనిఖీకి వచ్చినవారు చెప్పులు విడిచి ప్రదక్షిణం చేస్తారు. తులసికోటకు త్రీఫేజు కరెంటు ఎందుకని అడగరు, దేవుడి విషయం కదా. నీళ్ల పరీక్ష చేయాల్సినవారు మాత్రం సీలు వేసిన సీసా తమ వెంట తెచ్చుకుంటారు. ఆ ఒక్క పనిలో మాత్రం వాళ్ల శాస్త్రీయ దృక్పథానికి వంక పెట్టలేం.

బోరు ఉప్పుబారాక మూడో అంకం మొదలవుతుంది. ఆర్వో ప్లాంటు. ఉప్పునీళ్లను పొర గుండా తోసి, తియ్యటివి ఒకవైపు, ఉప్పు ముద్దకట్టినవి ఒకవైపు చేసే యంత్రం. తియ్యటి నీళ్లు గదుల్లోకి వెళతాయి. మరి ముద్దకట్టిన ఉప్పునీళ్లు? అవి గొట్టం గుండా సరుగుడు మోళ్ల దగ్గరున్న గుంటలోకి పోతాయి. గుంట ఇసుకది. ఇసుక తాగేస్తుంది. వాననీళ్లను తాగినంత భక్తిగానే తాగేస్తుంది. అంటే నేలలోంచి ఉప్పునీళ్లు తోడి, అందులో తీపి మనం తాగి, ఉప్పు మాత్రం ఆ నేలకే తిరిగి ఇస్తున్నాం. మరుసటేడు బోరు ఇంకా ఉప్పన. ఇంకా పెద్ద ప్లాంటు. ప్లాంటు అమ్మేవాడు ఏటా దండ తీసుకుని వస్తాడు. అతను తప్ప ఈ కథలో నిజంగా నీళ్లు దొరికినవాడు ఇంకొకడు లేడు.

తప్పంతా రిసార్టులదేనంటే పాపం అదీ అన్యాయం. రొయ్యల చెరువులు ఇసుక అంచుల దాకా వచ్చి ఉప్పునీళ్లు నిలబెట్టాయి. ఇళ్లకు మెరక పోయడానికి ట్రాక్టర్లు దిబ్బలను రాత్రికి రాత్రే ఎత్తుకుపోయాయి. కాలువ చివరి ఊళ్లకు కృష్ణమ్మ ఎప్పుడొస్తుందో ఆమెకే తెలియదు. మరి నేను? కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో మునిగి, పుణ్యం ఒంటికి అంటుకుని ఉండగానే దాన్ని రెండు బకెట్ల మంచినీళ్లతో కడిగేసుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. మూడో బకెట్టు అడిగాను కూడా.

ఆ మూడో బకెట్టు ఎక్కణ్నుంచి వచ్చిందో తర్వాత చూశాను. రిసార్టు ప్రహరీ అవతల పల్లెపాలెం. అక్కడొక దొరువు ఉండేది. ఇప్పుడు ప్లాస్టిక్కు కవర్లు తేలే గుంట. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న మామ్మ నన్ను ఎగాదిగా చూసి అంది:

"మా అత్త కాపురానికొచ్చిన్నాడు కూడా ఈ నీళ్లే నాయనా. ఇప్పుడు పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. టీ పెడితే పాలు విరుగుతున్నాయి."

"ఎప్పటి నుంచి మామ్మా?"

ఆవిడ ప్రహరీ వైపు గడ్డం ఎత్తి చూపించింది. ఏ భూగర్భ శాస్త్రవేత్తా అంత తక్కువ మాటల్లో నివేదిక ఇవ్వలేడు.

"మరి తాగడానికి?"

"క్యాను. మా మనవడు ఆ రిసార్టులోనే తోటపని. వాడి కూలి డబ్బుల్లోంచే కొంటున్నాం."

అర్థమైందా లెక్క? మనవడు పగలంతా గోడ లోపల పచ్చగడ్డికి నీళ్లు పెడతాడు. ఆ గడ్డి ఈ ఇసుకలో పుట్టింది కాదు, బయట్నుంచి చాపల్లా చుట్టి తెచ్చి పరిచింది. రోజూ తడపకపోతే బతకదు. ఆ గడ్డికి పోసిన నీళ్లు వాళ్ల దొరువువే. సాయంత్రం ఆ కూలి డబ్బుతో తాగేనీళ్లు కొనుక్కుని ఇంటికెళతాడు. దీన్ని పర్యాటకం ద్వారా స్థానికులకు ఉపాధి అంటారు. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలని పెద్దలన్నారు గానీ, ఇక్కడ నీళ్లు తాగినవాడు ఆదివారం సాయంత్రం కారెక్కి వెళ్లిపోతాడు. ఉప్పు తినే వంతు పల్లెకు వస్తుంది.

ఈమధ్య మన తీరాన్ని కొత్తగా కొలిచారు. చిన్నప్పటి నుంచి మనం బడిలో బట్టీపట్టిన 974 కిలోమీటర్లు ఇప్పుడు వెయ్యి దాటింది. సన్నని ఒంపులన్నీ లెక్కలోకి వచ్చాయట. సంతోషం. తీరం పెరిగింది కాబట్టి ఇంకొన్ని రిసార్టులు పడతాయి. ఇంకొన్ని కొబ్బరికాయలు లేస్తాయి. దిబ్బల కింది మీగడ మాత్రం ఎంత సన్నగా కొలిచినా పెరగదు. అది పెరగాలంటే వాన పడాలి, పడిన వానను పట్టుకోవడానికి దిబ్బ ఉండాలి. గుర్తుపెట్టుకోమన్న దిబ్బ ఇదే. సముద్రం కనపడకుండా అడ్డొస్తోందని వీళ్లు చదును చేసింది ఊరి నీళ్ల ట్యాంకును. ట్యాంకు పగలగొట్టేసి, నీళ్లెక్కడున్నాయో చెప్పమని కొబ్బరికాయను అడిగారు.

వ్యంగ్యం చాలు. సూటిగా నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. తీరంలో మంచినీళ్లు వెతకాలనుకునేవారు ముందు దిబ్బల్ని, వాటి మీది చెట్లను ముట్టకండి. లోతుకు పోకండి, పైపైనే, అడ్డంగా, ఒక్కచోట కాకుండా నాలుగుచోట్ల, ఊరినంతే తోడండి. ఎండాకాలంలో నెలకోసారి క్లోరైడు కొలిపించి, ఆ అంకెను రిసెప్షనులో ధరల పట్టిక పక్కనే వేలాడదీయండి. రెండొందల మీటర్ల లోపు బోర్లు మూయించండి, తులసికోటలతో సహా. కప్పు మీద పడే వానను ఇసుకలోకి దింపండి. ఆర్వో మురుగును ఇసుకలోకి దింపకండి. ఇన్ని పడకలకు ఇన్ని నీళ్లు ఈ దిబ్బ ఇవ్వలేదని తేలితే, పడకలు తగ్గించండి లేదా పైపులైను నీళ్లొచ్చేదాకా ఆగండి. ఈతకొలనుకు అనుమతి అడిగినవాణ్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి బంగాళాఖాతం చూపించండి.

ఇక మనం. ఈసారి సూర్యలంకకో వాడరేవుకో రామాపురానికో వెళ్లినప్పుడు షవరు తిప్పేముందు ఒక్క ప్రశ్న వేయండి: ఈ నీళ్లు ఎక్కడివి? జవాబు రాకపోయినా పరవాలేదు, అడిగారన్న సంగతి ఓనరు చెవిన పడుతుంది. వెళ్లేటప్పుడు మీకిచ్చే బిల్లులో గది అద్దె ఉంటుంది, చేపల పులుసు ఉంటుంది, జీఎస్టీ ఉంటుంది. ఒకటికి నలభై మాత్రం అందులో వేయరు. ఆ బిల్లు ప్రహరీ అవతలికి, మామ్మ పేరున వెళుతుంది.